కుర్చీ జరిపిన మనిషి

ఫిబ్రవరి నాలుగో తేదీ, మంగళవారం పొద్దున తొమ్మిదికి డెల్ఫీనా తోవార్ ఆర్చర్ అవెన్యూలో ఒక రొట్టెల దుకాణం మీది మేడ ఎక్కి ఒఫీలియా బరగాన్ ఆఫీసు తలుపు కొట్టింది. చేతి తొడుగులు తియ్యలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మా నాన్న ఆక్సిజన్ మెషీను మీద బతుకుతున్నాడు మేడమ్. ఈ చలిలో ఆయన్ని ఎక్కడికి మోసుకుపోను?"

ఒఫీలియా ఆమె చెయ్యి మెల్లగా పక్కకి జరిపి కాగితం చదివింది. ఒఫీలియాకి యాభై ఆరేళ్ళు. ప్రైవేటు డిటెక్టివ్ కాకముందు ఇరవై రెండేళ్ళు షికాగోలో కోర్టు కాగితాలు ఇంటింటికీ తిరిగి అందించింది. జనం ఆమె మొహం మీద తలుపులు వేశారు, కుక్కల్ని వదిలారు. మనిషి తలుపు తీసే తీరు చూసి అతను ఏం దాస్తున్నాడో చెప్పగలగడం ఆ ఉద్యోగంలో అబ్బిందే.

కిటికీ దగ్గర లెన్ పూచెక్ నోటుపుస్తకం తెరిచాడు. ముప్పై ఏళ్ళు అదే వీధిలో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఒఫీలియా దగ్గర సహాయకుడిగా చేరి నాలుగేళ్ళయింది. ఆమె ఏం మాట్లాడినా రాసుకుంటాడు. ఆమెకి అది చిరాకు. మానమంటే మానడు.

"ఎవరిచ్చారిది?" ఒఫీలియా అడిగింది.

"తలుపుకి అంటించాడు. మా ఓనరు, హాలండర్. మేం ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఉన్నాం. పాత ఓనరు పోయాక మొన్న ఆగస్టులో ఈయన కొన్నాడు."

"అద్దె బాకీ?"

"ఒక్క నెల కూడా లేదు."

"ఇది కోర్టు కాగితం కాదు. కోర్టు కాగితం మీద కేసు నంబరు ఉంటుంది, జడ్జి పేరు ఉంటుంది. దీని మీద గద్ద బొమ్మ ఉంది. గద్ద బొమ్మ ఎవడైనా అచ్చేయించుకోవచ్చు." ఒఫీలియా కాగితం తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. "నిన్ను పంపించాలంటే అతను కోర్టుకెక్కాలి. జడ్జి నీ మాట కూడా వినాలి. విన్నాక కూడా పొమ్మంటే, ఆ ఉత్తర్వు పట్టుకుని షెరీఫ్ మనుషులు రావాలి. తాళం మార్చడానికి గానీ, సామాన్లు వీధిలో పెట్టడానికి గానీ, హీటు ఆపడానికి గానీ ఇతనికి హక్కు లేదు. ఇల్లు అతనిదే. అయినా లేదు."

డెల్ఫీనా అప్పుడు కూర్చుంది.

"అదొక్కటే అయితే మీ దాకా వచ్చేదాన్ని కాదు. ఆదివారం నుంచి, ఇంటికి వేడినిచ్చే బాయిలర్ పని చెయ్యట్లేదు. అది నేనే పాడుచేశానంటున్నాడు. నోరెత్తకుండా ఖాళీ చేస్తే పోలీసుల దాకా వెళ్ళడట. చెయ్యకపోతే జైలేనట."

"నువ్వు పాడుచేశావా?"

"లేదు."

"సరే."

లెన్ ఆ రెండు మాటలూ రాసుకున్నాడు. ఆ ప్రశ్న ఒఫీలియా ఎవర్నైనా ఒక్కసారే అడుగుతుంది.

"నీ మీదే ఎందుకు పడ్డాడు?"

"జనవరిలో ఇల్లు చల్లగా ఉంటోందని సిటీవాళ్ళకి ఫోన్ చేసింది నేనే. పగలు అరవై ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉండాలట కదా, మా గదిలో యాభై ఆరు చూపించింది. అప్పట్నుంచీ నేనంటే మంట. మమ్మల్నందర్నీ వెళ్ళగొట్టి, ఇల్లు బాగుచేయించి, పెద్ద ఉద్యోగాలవాళ్ళకి ఇవ్వాలని చూస్తున్నాడు. మొదట నేను పోతే మిగతావాళ్ళు వాళ్ళే పోతారని."

"సిటీవాళ్ళకి మళ్ళీ ఫోన్ చెయ్యి. ఇక్కణ్ణించే, ఇప్పుడే. తరవాత ఆదివారం ఏం జరిగిందో చెప్పు. మధ్యలో ఏదీ వదలకు."

వారం దాకా మనిషి రాడని సిటీవాళ్ళు చెప్పాక, డెల్ఫీనా మొదలుపెట్టింది. ఆదివారం మెక్సికోవాళ్ళ కాండెలారియా పండగ. జనవరి ఆరున పండగ రొట్టెలో దాచిన చిన్న బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున అందరికీ తమాలీలు, అంటే ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలు, పెట్టాలి. ఈసారి బొమ్మ మూడో అంతస్తు రూబెన్ సాల్సిదో పంటికి తగిలింది. అతను వెల్డరు, ఒంటరివాడు, వంట రానివాడు. ఆ వంటంతా డెల్ఫీనా నెత్తిన పడింది. పదిహేను రోజుల ముందే రూబెన్ కనపడ్డవాళ్ళందర్నీ పిలిచాడు. కింది వాటాలో ఉండే వాండా గోర్స్కీని పిలిచాడు, బాయిలర్ మెకానిక్ ప్రూయిట్‌ని పిలిచాడు, ఓనర్ని కూడా పిలిచాడు. పన్నెండు నుంచి మూడు దాకా చర్చి హాల్లో భోజనాలు. ఇంట్లో ఒక్కరు లేరు. డెల్ఫీనా తండ్రి ఎసెకియెల్‌ని కూడా చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు.

"పన్నెండుంపావుకి నేనొక్కదాన్నీ ఇంటికొచ్చాను. నాన్నకి కప్పే దుప్పట్లు కింద సెల్లార్లో ఆరేసి ఉన్నాయి. రూబెన్ గుమ్మం పక్కన మేకుకి తాళంచెవి ఉంటుంది. అది తీసుకుని దిగాను. దుప్పట్లు తీసుకున్నాను, బాయిలర్ పక్కన నిలబడి కాసేపు చేతులు కాచుకున్నాను, తాళం వేసి వెళ్ళిపోయాను. పది నిమిషాలు. వెనకింటి ఆవిడ కిటికీలోంచి నన్ను చూసింది. హాలండర్‌కి అదే దొరికింది."

"అప్పుడు బాయిలర్ మండుతోందా?"

"మండకపోతే చేతులెలా కాచుకుంటాను మేడమ్?"

"వీధిలో ఎవరైనా ఉన్నారా? ఏదైనా కారు?"

"ఎవరూ లేరు. ఇంటి ముందు రూబెన్ కుర్చీ ఒక్కటే ఉంది."

ఒఫీలియా కోటు తొడుక్కుంది.

*

ఆ ఇల్లు మూడంతస్తుల ఇటుక కట్టడం. అంతస్తుకో కుటుంబం. డెల్ఫీనా వాళ్ళ రెండో అంతస్తులో నోరు తెరిస్తే ఆవిరి కనిపిస్తోంది. ఎసెకియెల్ మూడు దుప్పట్ల కింద, ఉన్ని టోపీ కళ్ళదాకా లాక్కుని, ముక్కుకి గొట్టాలతో పడుకున్నాడు. ఎనభై ఒక్కేళ్ళు. ఉక్కు మిల్లులో అరిగిపోయిన ఊపిరితిత్తులు.

"హీటరు పెట్టుకోలేదా?" లెన్ అడిగాడు.

"పెడితే ఫ్యూజు పోతోంది. ఫ్యూజు పోతే నాన్న మెషీను ఆగిపోతోంది. రెండింట్లో ఒకటే నడుస్తుంది."

"నాకు హీటరే నడిపించమ్మా," అన్నాడు ముసలాయన దుప్పటి కిందనుంచి. "వెచ్చగా పోతాను."

"నాన్నా, ఆ మాట ఇంకోసారి అన్నావంటే నిన్ను కూడా హాలండర్‌కి అప్పజెప్తాను."

లెన్ పై వాటాకి వెళ్ళి, రూబెన్ ఇంట్లోంచి పొడుగాటి వైరు లాగి, ఎసెకియెల్ మంచం పక్కన హీటరు పెట్టించాడు. ఒఫీలియా సెల్లార్లోకి దిగింది.

తలుపు తాళం చెక్కుచెదరలేదు. లోపల బాయిలర్ చచ్చి పడివుంది. మంట ఆరిపోతే గ్యాసు ఆపే చిన్న భాగం ఒకటి ఉంటుంది, అరచేతిలో ఇమిడేది. దాన్ని విప్పి పట్టుకుపోయారు. అది లేకుండా బాయిలర్ వెలగదు. దాన్ని పట్టివుంచే ఇత్తడి నట్టు కింద పడివుంది. ఒఫీలియా తీసి చూసింది. నట్టు మూలలన్నీ కుక్క నమిలినట్టు అరిగిపోయి ఉన్నాయి.

వెనక బూట్ల చప్పుడయింది. మెకానిక్ ప్రూయిట్ ఒక్కో చేత్తో ఒక్కో పనిముట్ల పెట్టె మోసుకుని, రొప్పుతూ దిగాడు.

"కొత్తది ఎప్పుడొస్తుంది?" ఒఫీలియా అడిగింది.

"ఆర్డరు పెట్టాలి. రెండు వారాలు." అతను ఆమె వంక చూడకుండా పెట్టెలు దించాడు. "నాకు చెప్పిన మాట చెప్తున్నా."

"ఎవరు చెప్పిన మాట?"

ప్రూయిట్ వంగి ఒక పెట్టె మూత తీశాడు.

"ఇంత బరువు ఎక్కణ్ణించి మోసుకొచ్చారు?"

"మూడు వీధులవతల నుంచి. ఈ మంచులో బండి పెట్టడానికి చోటేదీ?"

"ఇంటి ముందు ఖాళీ ఉందిగా."

"కుర్చీ ఉంది కదండీ!" ప్రూయిట్ ఆమెని ఎగాదిగా చూశాడు. "మా అమ్మ నన్ను ఈ పేటలోనే కంది. బండి ఎక్కడ పెట్టకూడదో నాకు తెలీదా?"

ఒఫీలియా వీధిలోకి వచ్చింది. శనివారం రాత్రి పడిన మంచు రెండు వైపులా నడుమెత్తు గోడల్లా పేరుకుని ఉంది. ఇంటి ముందు ఒక్క కారు పట్టేంత చోటు శుభ్రంగా తవ్వి ఉంది. మధ్యలో నీలం రంగు వంటింటి కుర్చీ. దాని కాలు ఒకటి విరిగితే తాడుతో కట్టారు. రూబెన్ మెట్ల మీద నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు.

"ఈ చోటు తవ్వింది నువ్వేనా?"

"ఆదివారం తెల్లారగట్ట మూడు గంటలు తవ్వాను. తమాలీల గుండిగలు నా ట్రక్కులోనే చర్చికి పట్టుకెళ్ళాను. ఇవాళ ట్రక్కు మా మేస్త్రీ తీసుకెళ్ళాడు. తవ్వినవాడిది చోటు, కుర్చీ పెడితే మంచు కరిగేదాకా ఇంకొకడు ముట్టుకోడు. ఇది మీకు కూడా చెప్పాలా?"

"కుర్చీ కాలు ఎలా విరిగింది?"

"గాలికి పడిపోయుంటుంది."

"గాలికి ఎగిరి మంచుగోడ మీద పడిందా?" ఒఫీలియా మంచుగోడలో కుర్చీ కాళ్ళు దిగిన గుంటలు చూపించింది.

రూబెన్ చూపు ఒక్క క్షణం కింది వాటా కిటికీ మీదికి పోయి వచ్చింది. "నాకేం తెలుసు? మేం మూడింటికి వచ్చేసరికి అలా ఉంది."

ఒఫీలియా మంచుగోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అక్కడ గాజుపలకల్లాంటి మంచు పెంకులు గుట్టగా పడి ఉన్నాయి. ఆకాశంలోంచి రాలిన మంచు అలా ఉండదు. ఒక వైపు నున్నగా, కొంచెం వంపు తిరిగి ఉన్నాయి. వాటి కింద వేళ్ళతో తవ్వింది. వెండిరంగు కారు తలుపు పిడి ఒకటి బయటపడింది. మొదలంటా విరిగివుంది. ఆమె దాన్ని జేబులో వేసుకుంది.

తరవాత కింది వాటా తలుపు కొట్టింది. వాండా గోర్స్కీ గొలుసు తియ్యకుండా సందులోంచి చూసింది. డెబ్భై తొమ్మిదేళ్ళు. రెండు స్వెట్టర్లు, మీద ఓవర్‌కోటు.

"ఆదివారం మీరు చర్చిలోనే ఉన్నారా?"

"ఉన్నాను. కొవ్వొత్తి వెలిగించుకుని ఉన్నాను. ఎవర్నన్నా అడగండి."

"మధ్యలో ఇంటికి రాలేదా?"

"ఎందుకొస్తాను? నాకేం పని?" ఆవిడ గొంతు పెరిగింది. "నేనేం చూళ్ళేదు. నాకేం తెలీదు. నన్ను కూడా వెళ్ళగొట్టిస్తారా ఏమిటి?"

ముందు వరండాలో, ఆవిడ తలుపు పక్కన, పెద్ద సూపు గిన్నె బోర్లించి ఉంది. ఒఫీలియా దాన్ని తిరగేసింది. అడుగున వేలు మందాన మంచు, అద్దంలా తేటగా ఉంది. నూనె జిడ్డు గానీ బార్లీ గింజ గానీ లేదు. ఒఫీలియా గిన్నె మళ్ళీ బోర్లించి, దణ్ణం పెట్టినట్టు తలవంచి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే హాలండర్ వచ్చాడు, ఎర్రటి చిన్న అద్దె కారులో. నలభై అయిదేళ్ళ మనిషి, తోలు బూట్లు. అతను ఉండేది ఊరి బయట, గంట దూరంలో.

"ఆదివారం మీరెక్కడున్నారు?"

"ఇంట్లో. ఆ మంచులో ఎవడు బయటికొస్తాడు? కారు గ్యారేజీలోంచి తియ్యనే లేదు."

"మరి ఈ అద్దె కారేమిటి?"

"మంచి బండిని ఈ బురదలో తిప్పడం ఇష్టంలేక తీసుకున్నా. అది మీకు అనవసరం. మీ క్లయింటుకి చెప్పండి, శుక్రవారం అయిదు. అయిదూ ఒకటికి తాళాలు మారుస్తాను."

"అది నేరం."

"నిరూపించుకోండి," అని అతను నవ్వాడు. "ముసలాయన అప్పటిదాకా తట్టుకుంటే."

ఆ మాట మెట్ల మీదున్న డెల్ఫీనాకీ వినిపించింది. లెన్ పెన్సిలు విరిగింది. బస్సులో ముప్పై ఏళ్ళు ఎవరి మీదా గొంతు పెంచనివాడు, ఆ రోజు హాలండర్ వెనకే నాలుగడుగులు వేశాడు. ఒఫీలియా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొట్టకండి లెన్. అతనికి కావలసింది అదే. మీరు ఫోన్ దగ్గర కూర్చోండి, మీతో పనుంది."

*

గురువారం పొద్దున పదింటికి డెల్ఫీనా వంటింట్లో అందరూ కూడారు. అందరూ కోట్లతోనే ఉన్నారు. లెన్ పెట్టించిన హీటరు పక్కగదిలో ఎసెకియెల్‌ని మాత్రం కాపాడుతోంది. హాలండర్ ఒక కాగితం తెచ్చుకున్నాడు. 'నా ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాను' అని అందులో ముందే రాసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. డెల్ఫీనా మాట్లాడాలంటోంది అని ఒఫీలియా కబురంపితే లొంగిపోయిందనుకున్నాడు. ప్రూయిట్ తలుపు దగ్గర నిలబడ్డాడు. వాండా, రూబెన్ బల్లకి ఒకే వైపు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"మొదట తాళం," అంది ఒఫీలియా. "ఎవరూ విరగ్గొట్టలేదు. ఒక తాళంచెవి హాలండర్ గారి దగ్గరుంది. రెండోది మేకుకి వేలాడుతుంది, ఆ మేకు సంగతి అందరికీ తెలుసు. కాబట్టి తాళం వల్ల ఎవరూ దొరకరు. ఇక ఈ నట్టు." దాన్ని బల్ల మీద పెట్టింది. "ప్రూయిట్ గారూ, మీరైతే దీన్ని దేంతో విప్పుతారు?"

"సరైన రెంచితో. ఒక్క నిమిషం పని. ఇదెవడో పట్టకారుతో అరగంట కుస్తీ పట్టాడు."

"రూబెన్, నువ్వు?"

"నేను వెల్డర్నండీ. పట్టకారుతో విప్పితే మా మేస్త్రీ నా చెవి కోస్తాడు."

"అంటే ఇది పని తెలియనివాడు చేసిన పని."

హాలండర్ చేతులు చాపాడు. "నేననేదీ అదే కదా! ఈవిడకి ఏం పని తెలుసు? తమాలీలు చుట్టడమేగా?"

"నువ్వొకటి తిని చూడాల్సింది. బుద్ధొచ్చేది," అంది వాండా.

"ఆగండి," అంది ఒఫీలియా. "పన్నెండుంపావుకి డెల్ఫీనా వచ్చినప్పుడు కుర్చీ తన చోట తనుంది. మూడింటికి అందరూ వచ్చేసరికి మంచుగోడ మీద కాలు విరిగి పడుంది. మధ్యలో ఎవరో దాన్ని తీసి పారేసి, తమ కారు అక్కడ పెట్టారు. ఎవరు? రూబెన్ తన కుర్చీ తనే విరగ్గొట్టుకోడు. డెల్ఫీనాకి కారే లేదు. ప్రూయిట్ గారు మంగళవారం రెండు పెట్టెలు మూడు వీధులు మోశారు గానీ కుర్చీ జరపలేదు. ఈ పేటలో ఎవడూ జరపడు. దొంగతనానికి వచ్చినవాడు కూడా కుర్చీ ఉంటే ఇంకో వీధి వెతుక్కుంటాడు. జరిపినవాడికి ఆ కుర్చీ అంటే ఏమిటో తెలియదు. ఎవరో పారేసిన చెత్త అనుకున్నాడు. అంటే పరాయి పేటవాడు. కానీ ఆదివారం మధ్యాహ్నం ఈ ఇంట్లో ఎవరూ ఉండరని తెలిసినవాడు."

"మిమ్మల్ని పిలిచాను కదా సార్," అన్నాడు రూబెన్ మెల్లగా. "పన్నెండు నుంచి మూడు దాకా అందరం అక్కడే ఉంటాం, రండి అని. ఓనరు కదా అని పిలిచాను."

"నేను ఇంట్లో ఉన్నానని చెప్పానా లేదా?"

ఒఫీలియా జేబులోంచి వెండిరంగు పిడి తీసి నట్టు పక్కన పెట్టింది. "లెన్, మీరు చెప్పండి."

లెన్ గొంతు సవరించుకున్నాడు. అలాంటి రోజు కోసం నాలుగేళ్ళు ఎదురుచూశాడు. "హాలండర్ గారి ఊళ్ళో కార్లు బాగుచేసే షాపులన్నిటికీ ఫోన్ చేశానండీ. వెండిరంగు కారు తలుపు పిడి ఒకటి దొరికింది, ఎవరిదో తెలుసా అని. అయిదుగురు తెలీదన్నారు. ఆరోవాడు, 'దేవుడిలా ఫోన్ చేశావయ్యా! అది హాలండర్ గారిది. సోమవారం తెచ్చి పడేశాడు. కొత్త పిడి రావడానికి నెల పడుతుందంటే నా మీద అరుస్తున్నాడు. పంపించు' అన్నాడు. ఆ షాపు పేరూ అతని పేరూ రాసుకున్నాను."

"కారు గ్యారేజీలోంచి తియ్యలేదన్నారు," అంది ఒఫీలియా. "తీశారు. కుర్చీ విసిరేసి ఇక్కడ పెట్టారు. సెల్లార్లో నట్టుతో అరగంట పోట్లాడారు. పైకొచ్చి చూసేసరికి కారు నిలువెల్లా మంచు పెంకులో బిగిసిపోయుంది. కుర్చీ జరిపినవాడికి ఈ పేటలో వేసే శిక్ష అదే. తలుపు లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. అంతకు మించి..."

"నలభై నిమిషాలు!" హాలండర్ లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఆ మంచు పగలగొట్టడానికి నలభై నిమిషాలు పట్టింది నాకు! వేళ్ళు కొంకర్లు పోయాయి! ఆ నీళ్ళు పోసిందెవడో వాణ్ణి..."

ఆగిపోయాడు. లెన్ ఆ మాట రాసుకున్నాడు.

"నలభయ్యేనా?" అంది వాండా. "ఇంకో రెండు గిన్నెలు పోయాల్సింది."

"బామ్మా!" రూబెన్ లేచాడు. "ఆవిడ కాదండీ, నేను. నేనే పోశాను."

"ఒరేయ్, నువ్వు కూర్చో. నువ్వొచ్చేసరికి నాది ఆరో గిన్నె." వాండా ఒఫీలియా వైపు తిరిగింది. "మందు బిళ్ళ మర్చిపోయి పావు తక్కువ ఒంటిగంటకి ఇంటికొచ్చాను. వీడు చలికాలమంతా నా మెట్ల మీది మంచు తీస్తాడు, నా దగ్గర గ్లాసు టీ కూడా తాగడు. మూడు గంటలు తవ్విన చోట్లో ఎవడో తన పడవంత కారు పెట్టాడు. కుర్చీ విరిచి పారేశాడు. నాకు ఒళ్ళు మండింది. చన్నీళ్ళే పోశాను. వేడినీళ్ళు వాడి మీద దండగ. నన్ను వెతుక్కుంటూ వీడొచ్చి గిన్నె లాక్కుని నన్ను చర్చికి ఈడ్చుకుపోయాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"చెప్తే బామ్మని కూడా వెళ్ళగొడతారని," అన్నాడు రూబెన్. అతని మొహం కిందికి దించి ఉంది. "మేం నోరు విప్పకపోవడం డెల్ఫీనాకి చేటవుతుందని మాకు తెలీదు. కారుకీ బాయిలర్‌కీ సంబంధం ఉంటుందని ఎలా అనుకుంటాం?"

"నా కారు పాడుచేసినట్టు ఒప్పుకుంది! అందరూ విన్నారుగా! ఈ ముసలిదాని మీద కేసు పెడతాను!" హాలండర్ అరిచాడు.

"పెట్టవయ్యా," అంది వాండా. "జైల్లో అయినా హీటు ఉంటుంది."

"తప్పకుండా పెట్టండి," అంది ఒఫీలియా. "ఆ కేసులో జడ్జి అడిగే మొదటి ప్రశ్న, ఆదివారం ఒంటిగంటకి మీ కారు ఇక్కడేం చేస్తోందని. జవాబు తయారు చేసుకుని వెళ్ళండి."

అప్పుడు ప్రూయిట్ టోపీ తీశాడు. ఒఫీలియా అతన్ని ఏమీ అడగలేదు. ఊరికే చూసింది. కొందరికి అదే చాలు.

"క్రితం శుక్రవారం," అన్నాడు ప్రూయిట్, నేల చూస్తూ. "బాయిలర్ బాగానే ఉంది అప్పుడు. ఈయన ఫోన్ చేసి, ఆ భాగం పోతే దొరకడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. నా బండిలోనే ఒకటి ఉంటుందన్నాను. సోమవారం వచ్చి చూస్తే అదే లేదు. పెట్టేస్తానన్నాను. వద్దు, అడిగితే రెండు వారాలని చెప్పు, శుక్రవారం అయిదు దాటాక పెట్టు అన్నాడు. పైన ముసలాయన ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

"ఆ మాట రాసి సంతకం పెడతారా?"

"పెడతాను."

"ఆ భాగం?"

"బండిలో ఉంది. మూడు వీధులవతల." అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఈ కథలో క్షమించదగ్గవాడెవడైనా ఉంటే ప్రూయిటే. మూడు రోజులు ఆలస్యంగా అయినా, పరుగెత్తాడు. హాలండర్ గురించి ఆ మాట అనలేం. మార్చిలో కోర్టు అతనికి చెప్పాల్సింది చెప్పింది. పోలీసులు తమ వంతు కేసు రాసుకున్నారు. డెల్ఫీనాకి కొత్త లీజు రాసిచ్చే రోజున అతను లాయర్ని పంపాడు గానీ తను రాలేదు. అదంతా తరవాతి సంగతి. ఆ గురువారం అతనికి ఇంకా బేరం కుదురుతుందనే ఆశ ఉంది. తెచ్చిన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, నవ్వడానికి ప్రయత్నించాడు.

"చూడమ్మా డెల్ఫీనా. జరిగిందేదో జరిగింది. బాయిలర్ ఇవాళే వెలుగుతుంది. నీ మీద కంప్లైంటు నేను మర్చిపోతాను. ఇదంతా నువ్వూ మర్చిపో. ఇక్కడే ఉండు, ఎన్నాళ్ళైనా ఉండు. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంచుకుందాం."

డెల్ఫీనా ఒఫీలియా వంక చూసింది. ఒఫీలియా నట్టూ పిడీ ఒక కవరులో వేసి, పైన తేదీ రాస్తోంది. ఈ జవాబు తనది కాదని ఆమెకి తెలుసు.

కింద సెల్లార్లో ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. కాసేపటికి పొయ్యి అంటుకున్న చప్పుడు. గొట్టాల్లో ఎక్కడో నీళ్ళు కదిలాయి. పక్కగదిలోంచి ఎసెకియెల్ గొంతు వినిపించింది. "డెల్ఫీనా! వచ్చిందమ్మా!"

"వింటున్నాను నాన్నా," అంది ఆమె. తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. మూడు రోజుల్లో మొదటిసారి. తరవాత హాలండర్‌కి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నేను మర్చిపోను. మా నాన్న ఎంతసేపు తట్టుకుంటాడో అని నవ్వారు మీరు. అది నేను జడ్జి ముందు చెప్తాను, ఉన్నదున్నట్టు చెప్తాను. ఇక ఇక్కడ ఉండమని మీరు నాకు చెప్పక్కర్లేదు. నేను ఉన్నాను. ఇంకో మాట. రెండు రోజుల ముందు చెప్పకుండా ఓనరు అద్దె ఇంట్లో కాలు పెట్టకూడదట. నిన్న రాత్రి చట్టం పుస్తకం తెచ్చుకుని చదివాను. ఇవాళ మేం పిలిచాం కాబట్టి వచ్చారు. మా పని అయిపోయింది. బయటికి నడవండి."

హాలండర్ అందరి మొహాలూ చూశాడు. ఎక్కడా చోటు దొరకలేదు. కోటు గుండీలు పెట్టుకుంటూ గుమ్మం దాటాడు.

తలుపు ఆమే వేసింది.